తట్టి వినడం

ఎర్రగుంట్ల దాటి నిడుజివ్వికి పొయ్యే దోవలో
మా బండల ఫ్యాక్టరీ, దాని ఆఫీసు రేకుల గది.
తెల్లారేసరికి కీబోర్డు మీద బూడిద రంగు దుమ్ము.
ఊదితే గాని అక్షరం కనపడదు.

పాత సైటు హైదరాబాదు కంపెనీ కట్టింది, ఏటా బాడుగ.
ఒక ఏడు కట్టలేదు,
బండల ఫోటోలతో సహా మాయం.
"ఈసారి బాడుగ లేనిది చూడు మేయ్ రామసుబ్బూ"
అన్నాడు ఓనరు వీరనారాయణరెడ్డి,
కాటా చీటీల మీద నుంచి తల ఎత్తకుండానే.

బాడుగ లేనివి ఉన్నాయి.
ఎవరో, ఊరూ పేరూ తెలియని వాళ్ళు
రాత్రుళ్ళు మేలుకొని రాసి పెట్టిపోయినారు,
ఎండాకాలం చలివేంద్రం కుండ మాదిరి.
ఎవరైనా ముంచుకొని తాగొచ్చు.
గ్లాసుకు గొలుసు కట్టింటారు చూడు,
అదే లైసెన్సు.

జెకిల్ పెద్దమనిషి.
ఒక్కణ్ణి పిలిస్తే పది జెమ్ములను వెంటేసుకొని వస్తాడు,
అందులో ఇద్దరికి పడదు, మధ్యస్తం నేను చెయ్యల్ల.
ఎలెవెంటీ మాట మెత్తన, ఎట్ల చెప్తే అట్ల వింటది,
కానీ అది దించిన సామాను ఫోల్డరుకు
మా హార్డ్ డిస్కు మిట్టెక్కే లారీ మాదిరి మూలిగింది.
హ్యూగో ఒంటికట్టె. ఒకే ఫైలు.
నూటనలభై పేజీలు, టీ గ్లాసు ఎత్తేలోపల కట్టి పడేసింది.
చుక్క ఒకటి తప్పినామా,
తిట్టు అర్థమయ్యేదానికే అర్ధరాత్రి అవుతుంది.
పెలికన్‌ది పైథాను. నేను డిగ్రీలో చదివినదే,
అందుకే దానికి మార్కులేసేటప్పుడు చెయ్యి కొంచెం జారింది.

వేగం, బరువు, నేర్చుకునే తిప్పలు అని పట్టీ గీసినా.
రెండు రాత్రులు కూడి తీసేసి చూస్తే
అన్నిటికీ అటూ ఇటూ అవే మార్కులు.

కరెంటు పోయి కోత మిషను ఆగింది.
చెవుల్లో ఇంకా తిరుగుతానే ఉంది.
హుస్సేనప్ప సైజుల చీటీ తెచ్చి నిలబడినాడు.
"ఏంది పోలుస్తాండావు?"
చెప్పినా. ఇది అడిగినప్పుడు వండి పెట్టేది కాదు,
ముందే కోసి, పాలిష్ పట్టి, పేర్చి పెట్టేది.
"బండలే గదా."
అవును, బండలే.
"ధర మారితే?"
మళ్ళా మొత్తం కొయ్యల్ల.
నవ్వినాడు. ఆ నవ్వులోంచీ దుమ్ము.

"చూస్తే తెలీదు మేయ్. పాలిష్ పడితే అన్నీ నిగనిగే.
సుత్తి వెనకతో తట్టల్ల.
గణమంటే మంచిది.
బొద్దుమన్నెదా, యాడో లోపల నెర్రె ఉంది,
లారీలోనే రెండైతాది."

నేను దేంతో తట్టల్ల?
ఓనరు అడగని పేజీ ఒకటి రాసినా,
కోత కోసేవాళ్ళది.
మాబు, గంగులయ్య, పెద్ద ఓబులేసు, హుస్సేనప్ప.
మనిషికొక పేజీ, పేరే చిరునామా.

ఒకదాంట్లో
(ఏదని చెప్పను, ఊరికే ఇచ్చినోళ్ళను ఎత్తిపొడవగూడదు)
గుణింతాలన్నీ రాలిపోయినాయి.
కొమ్ము లేదు, ఏత్వం లేదు, ఒత్తు విడిపోయింది.
హససనపప.
"ఇదెవురు?" అన్నాడు.
ఇంకోదాంట్లో ఇంగ్లీషోడైపోయినాడు.
మరొకదాంట్లో మాత్రం వచ్చినాడు,
కొమ్ముతో, ఏత్వంతో, రెండు ఒత్తులతో,
యుపిఎస్ కీచుమంటుండగా.

పట్టీ కాగితం మడిచి
ఊగే టేబులు కాలి కింద పెట్టినా.

హుస్సేనప్ప ముందుకు వంగి
వేలు మడిచి, కణుపుతో
స్క్రీను మీద తన పేరును టక్కున కొట్టి
చెవి దగ్గరికి పెట్టినాడు.

ఏం వినపడిందో చెప్పలేదు.
కరెంటు వచ్చింది, పోయినాడు.