మిరియానికి ఎడమ పక్క

వైశాఖంలో మొదలెట్టాను. ఇప్పుడు కార్తీకం.
ఇన్నాళ్ళకీ నాకొచ్చింది
సగం గుండ్రం.

మొగల్తూరు దాటాక, రెండు రొయ్యల చెరువుల నడుమ
ఎండగట్టి వదిలేసిన మూడోదే మా మైదానం.
చుట్టూ మేత బకెట్లు, వాటి మీద తెల్లరంగు అక్షరాలు.
అ దగ్గర లోపలికి రావాలి,
క దగ్గర తిరగాలి, మ దగ్గర ఆగాలి.
మిరియం ఏనాడూ మ దగ్గర ఆగలేదు.
ఆగితే క కీ మ కీ మధ్య
తనకొక్కదానికే తెలిసిన అక్షరం దగ్గర.

పందేలకి పనికిరాదని ఒకరు,
పెళ్ళి ఊరేగింపులో డప్పుని తన్నిందని ఇంకొకరు,
చేతులు మారి మారి ఇక్కడికొచ్చింది.
నల్లది, పొట్టిది, కొసలు మెలిపడ్డ చెవులు.
"కరిస్తే కరవనియ్యండి.
భయపడ్డారో, దానికి తెలిసిపోద్ది" అన్నారు మౌలాలి గారు.
ముప్ఫయ్యేళ్ళు పోలీసు గుర్రాలతో బతికిన మనిషి.
గొంతెత్తరు. ముంజేతి మీద పళ్ళగాటు మాత్రం చూపిస్తారు,
చుట్టాల ఫోటో చూపించినట్టు.

నా ఉద్యోగం నీళ్ళు చూడడం.
రైతులు సీసాల్లో తెస్తారు. ఉప్పెంత, ప్రాణవాయువెంత,
రంగు తిరిగేదాకా చుక్కచుక్కా వేసి ఆగుతాను.
చాలా ఓపికుందనుకునేదాన్ని.
జీను మీద కూచున్నాక తెలిసింది,
అది సీసాకి సరిపడా ఓపికేనని.

కుడికి, పల్లానికి నీరు పోయినట్టు పోతుంది.
ఎడమకి అంటే దూలం.
మెడ ఇస్తుంది, ఒళ్ళివ్వదు.
పగ్గం లాగాను. మడమ ఆనించాను. బెల్లం చూపించాను.
ఒకరోజు మా నాయనమ్మ గేదెని తిట్టే తిట్లన్నీ
వరస తప్పకుండా తిట్టాను.
ఒక చెవి వెనక్కి తిప్పి శ్రద్ధగా వింది.
అంతే.

పక్క చెరువులో ఏరేటర్ వేసిన పొద్దున
ఆ చక్రాల చప్పుడికి గాల్లోకి లేచి
నన్ను బోదెలో కూలేసింది.
గట్టు మీద కొంగల్ని తోలే కుర్రాడు అరిచాడు:
"అక్కా, అదే అక్షరం?"

ఆశ్వయుజంలో ఓ నాడు మౌలాలి గారు
గుర్రాన్ని నీడలో కట్టేసి నన్ను నడవమన్నారు.
కళ్ళు మూసుకుని, ఎడమకి, గుండ్రంగా.
తెరిచి చూస్తే ఇసకలో నా అడుగులు
కోడిగుడ్డు గీసి, మధ్యలో విసుగేసి మానేసినట్టున్నాయి.
పన్నెండేళ్ళుగా నీళ్ళడబ్బా ఎడంచేత్తో మోస్తున్నాను.
ఆ భుజం ఎప్పుడు వాలిందో నాకెవరూ చెప్పలేదు.
"అయితే దాని తప్పేం లేదా?"
"ఎందుకు లేదు? సగం దానిదే" అన్నారు,
"ముందు మీ సగం పట్రండి."

డబ్బా కుడిచేతికి మార్చాను. రెండు సీసాలు పగిలాయి.

మొన్న వాయుగుండం వెళ్ళిపోయాక
తడి ఇసక, గట్ల మీద మంచు, ఏరేటర్లు ఆపేసున్నాయి.
నేను ప్రత్యేకంగా ఏమీ అడగలేదు.
ఊపిరి వదిలాను, తుంటి కాస్త బరువైంది, అంతే.
నా మోకాలి కింద దాని పక్కటెముకలు
బస్తాలో వడ్లు సర్దుకున్నట్టు జరిగాయి.
పగ్గంలో బరువు లేదు.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగో అడుక్కి లకుముకి పిట్ట ఎగిరింది,
మళ్ళీ దూలం.

"దిగండి, ఇవాళ్టికి చాలు" అన్నారు.
గంటకి డబ్బిచ్చాను, పావుగంట కాలేదు. దిగాను.
గజిబిజి గిట్టల మధ్య ఆ మూడూ దొరికాయి.
వెనకకాలు ముందుకాలి అచ్చులోనే పడింది.
పక్కన ఒక ఖాళీ బకెట్ బోర్లించాను.
అక్షరం రాయలేదు.

మర్నాడు వస్తూనే
దాన్ని తన్నేసింది.