చప్పుడు లేని పెట్టె

కాజీపేట రైల్వే క్వార్టర్ల
గూడ్సు బండ్లు ఎంత మొత్తుకున్నా
సారక్క లేవదు.
నా పాత కంప్యూటర్ ఫ్యాను తిరిగితె మాత్రం
దిగ్గున లేచి కూసుంటది.
ఎంజీఎంల నైట్ డ్యూటీ చేసొచ్చి
పగటీలి పండుకునే మనిషి నిద్ర,
తడిసిన కాగితం లెక్క.
అందుకే ఆదివారాలు నేను
స్టేషన్ బెంచీ మీదనే గడిపేది.

హన్మకొండ చౌరస్తాల నాలుగు దుకాణాలు తిరిగి
బుడ్డ గుమ్మడికాయంత హీట్‌సింక్ తెచ్చిన.
మూడు ఫ్యాన్లు పీకి ఒకటే ఉంచిన,
పెద్దది, బద్ధకంగ తిరిగేది.
హార్డ్ డిస్కు గరగర పోనీకి
సైకిల్ ట్యూబు కోసి ఉయ్యాల కట్టిన.
కింద కొత్తవాడ జంపఖానా ముక్క.
ట్యూనర్ కార్డుకు కేబులోల్ల వైరు.
ఆమె వార్డుల సెలైన్లు మారుస్తుంటె
తొమ్మిదింటి సీరియల్ ఇగ ఇదే పట్టి పెడ్తది.

ఆన్ చేసిన. ఏం వినపడలె.
పోయింది, పైసలు మునిగినయనుకున్న.
కండ్లల్ల పడుతదని
నీలం దీపానికి టేపు అతికించింది నేనే,
అదీ యాదికి లేదు.

పొద్దున సారక్క వచ్చింది.
సంచి భుజం మీదుండంగనే వంగి
పెట్టె నెత్తిన అరచెయ్యి ఆనించింది,
జ్వరం చూసినట్టు.
"వెచ్చగనే ఉన్నది, బతికింది" అని
సీరియల్ మాటెత్తకుండ పండుకున్నది.

టీవీ గొంతు నొక్కి
సినిమా పెట్టుకోని ఆమె పక్కనే కూసున్న.
బొమ్మలు కదులుతున్నయి.
అప్పుడు విన్న,
ఎనిమిదేండ్ల కాపురంల మొదటిసారి:
సారక్కకు సన్నటి గురక.

దానికి ట్యూబు ముక్క వెతకలె.