కింది మడి ఎవలది?

పరకాల బస్సు దిగి
నేరుగ కట్ట మీదికే పోయిన.

సెల్లు అద్దం మీద
పెరూ దేశపు కొండ.
కొండకు చెక్కిన మెట్లు,
మెట్టు మెట్టుకూ రాతి ఒడ్డు,
ఒడ్డు వెనక నల్లటి మన్ను.

మా నీరటి ఓదెలు
పారను కట్టకు గుచ్చి
తడిచేతిని దోతికి తుడుచుకొని
ఫోను అందుకున్నడు.

ఐదువందల ఏండ్ల కిందటివట, చెప్పిన.
అట్లనా, అని ఊకున్నడు.
చదివింది చదివినట్టు చెప్పిన:
పగలు రాయి తాగిన ఎండ
రాత్రి వేరుకు దుప్పటైతదట,
ఒక మెట్టు విడిచిన నీళ్లే
కింది మెట్టుకు దిగుతయట.

"గది మనకెరుకే గద"
గదువతో చెరువు దిక్కు చూపిండు.

పై చెరువు మత్తడి దుంకితే
నడిమి కుంట,
కుంట నిండితే మా ఊరిది,
మాది నిండితే పొరుగూరి బాకీ.
ఆ గొలుసుల ఏ లంకే
నీళ్లు తనవే అనుకోలేదు,
బోర్లు దిగేదాక.

ఓదెలు బొమ్మను రెండు వేళ్లతో సాగదీసిండు.
ఇంకా సాగదీసిండు.
మబ్బును జరిపినట్టు పైమెట్లన్నీ జరిపి
అట్టడుగున ఆగిండు.
అక్కడ బొమ్మ చెదిరి
పచ్చటి చుక్కలే మిగిలినయి.

"కింది మడి ఎవలది?"

నాకు తెల్వదు.
నేను చదివిన దాంట్ల లేదు.

"మొదాలు దానికి పారాలె"
ఫోను నా చేతిల పెట్టి
తూము దిక్కు నడిచిండు.

పొద్దు గూట్లె పడే యాళ్లకు
గుండారపు కేతమ్మ అరెకరంల,
ఆఖరి గెట్టు కాడ,
వరి మొదళ్ల నడుమ
సన్నగ ఒక అద్దం పరుచుకున్నది,
సాగదీయకుంటనే
నాకు కనవడేటంత.