ఇరవై దాకానే

గొర్రెల గేటు దగ్గర వ్యాను ఆపగానే
హెస్టర్ రేస్‌బెక్ నా బూట్ల వంక చూసి
"ఇవి పెళ్ళికా, గనికా?" అంది.
డెబ్భై మూడేళ్ళ మనిషి.
ముప్ఫై ఏళ్ళు ఈ లోయంతా ఉత్తరాలు పంచింది,
ఆమె దిగిపోయాక ఆ సంచి నాకొచ్చింది.
ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో
ఏ ఇంట్లో మనిషి కరుస్తాడో
మొదటి వారమే చెప్పింది.
గని సంగతి చెప్పడానికి మాత్రం ఆరేళ్ళు పట్టింది.

కొండకి దారంటూ లేదు,
గొర్రెలు ఒప్పుకున్నంత మేరే దారి.
రాతిగోడ ఎక్కడ కూలిందో అక్కడ దాటాం.
పోయినేటి ఫెర్న్ తుప్పురంగులో మోకాళ్ళకి గీరుకుంటూ,
అడుగు వేస్తే నేల నీళ్ళు కక్కుతూ,
తీయబోతే బూటు నాదంటూ.
మబ్బు మాకంటే ముందే పైకి చేరి
తలుపేసుకుంది.

హెస్టర్ అడుగులు లెక్కపెడుతోంది
యాన్, టాన్, తెథెరా, మెథెరా, పింప్...
ఇక్కడి కాపరుల పాత లెక్క,
ఇరవై దాకానే ఉంటుంది.
ఇరవై కాగానే జేబులో ఒక గులకరాయి,
మళ్ళీ యాన్.
"ఇరవై దాటితే మాటల్లేవా?" అన్నాను.
"దాటితే ఇంకేముంది, బరువే" అంది జేబు తట్టి.

గని కక్కిన గుట్ట
నూట ముప్ఫై ఏళ్ళుగా బోడిగానే ఉంది.
సీసం మట్టిలో గడ్డి బతకదు.
ఒక్క తెల్లపువ్వు మాత్రం, చొక్కా గుండీ అంత,
రాళ్ళ సందున హాయిగా ఉంది.
"ఇంటికి తీసుకెళ్ళి కుండీలో పెట్టావనుకో, చస్తుంది.
మంచి మట్టి పడదు దీనికి.
మా నాన్న వైపు వాళ్ళంతా ఇంతే."

సొరంగం నోరు నా ఛాతీ ఎత్తు.
జేబులో రాళ్ళన్నీ అక్కడ పారబోసి
మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.
మోస్‌ని బయట కూర్చోమన్నాం.
కుక్కకి అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు.

మడమలు ముంచే ఇటుకరంగు నీళ్ళు.
ఊపిరి ముఖానికే తిరిగి తగులుతోంది.
గోడకి ఒక బంకమట్టి ముద్ద, అందులో కొవ్వొత్తి మొదలు,
మట్టి మీద ఎవరిదో బొటనవేలు నొక్కిన గుంట.
హెస్టర్ తన వేలు దాకా తీసుకెళ్ళి
ఆపేసింది.
చిట్టచివరి గోడ మీద
ముత్తాత పేరు చెక్కాడట. దానికోసమే వచ్చాం.

పదకొండో రాయి దగ్గర నేల పొడిగా పైకి లేచింది.
మెత్తటి బురద ఎప్పుడో గట్టిపడి,
దాని నిండా అడుగులు.
చెక్కబూట్లు, అంచున ఇనుప నాడాలు,
పోయేవి, వచ్చేవి, ఒకదాని మీద ఒకటి.
పెద్ద అడుగు ఒకటి పడేచోట
చిన్నవి రెండు పడుతున్నాయి.
నా అరచెయ్యి కంటే కాస్త పెద్దవి, అంతే.
ఒకచోట ఆ చిన్నవి రెండూ వరస వదిలి
గోడ వైపు తిరిగి పక్కపక్కనే నిలబడ్డాయి.

ఎందుకో నాకు గొంతు పట్టేసింది.
హెస్టర్ మాత్రం పకాలున నవ్వింది,
"ఉచ్చకి ఆగాడు వెధవ!"
ఆ నవ్వు లోపలికెళ్ళి
ఎవరి దగ్గరో ఆగినట్టు ఆగింది.

ముందుకెళ్ళాలంటే వాటిని తొక్కాలి.
ఇద్దరం ఆ మాట అనలేదు.
ఆమె దీపం ఆర్పింది, నేనూ ఆర్పాను.
చీకట్లో మోకాలు కీచుమన్న చప్పుడు,
బట్ట దులిపిన చప్పుడు,
తర్వాత చుక్కలుగా నీళ్ళు.

బయటికొచ్చి జేబు తిరగేసింది.
పది రాళ్ళే ఉన్నాయి.
"లెక్క తప్పాను" అంది
ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఉత్తరం తప్పు గుమ్మంలో వెయ్యని మనిషి.

నాలుగింటికి ఫోన్ రాకపోతే మనుషుల్ని పంపమని
చెల్లెలి కొడుక్కి చెప్పొచ్చింది.
పది నిమిషాలు తక్కువ నాలుగు.
సిగ్నల్ కోసం కూలిన గోడెక్కి
గాలికి అడ్డంగా నిలబడి అరిచింది:
"ఆఁ, బతికే ఉన్నాం.
బంగాళదుంపలు పొయ్యి మీద పడెయ్."