గీత తెగిన చోట

ముప్పై ఒక్క ఏళ్లు పుంటా అరేనాస్ వాతావరణ కేంద్రంలో
గాలి బరువు చదివినదాన్ని నేను.
ఇత్తడి డ్రమ్ము మీద వారానికో కాగితం,
దాని మీద ఊదా సిరాతో పాకే సన్నని ముల్లు.
గీత జారిందంటే ఫోన్ అందుకునేదాన్ని:
జలసంధిలో పడవలు కట్టేయండి.
ఎర్సీలియా మాట గాలి కూడా వింటుందని
రేవులో ఒక హాస్యం ఉండేది.

ఇప్పుడు నా బల్ల మీదున్నది బౌదిలియో రాత్రి.
గోరంత కార్డులో పట్టిన
ఏడు గంటల ఇరవై నిమిషాల మనిషి.

గీతకు పైన పీల్చింది, కింద వదిలింది.
మంచి ఊపిరి గుండ్రంగా ఉంటుంది,
పెనం మీద రొట్టె పొంగినట్టు.
గొంతు ఇరుకైతే దాని నెత్తి చదునవుతుంది,
ఎవరో అరచేత్తో అదిమినట్టు.
ఆ తర్వాత ఏమీ ఉండదు.
పది సెకన్లు. పద్దెనిమిది.
ఒకసారి నలభై ఒకటి.
ఆ బోసి గీత మీద వేలు పెట్టి
నేనూ ఊపిరి బిగబట్టి చూశాను;
ముప్పై దగ్గర కుర్చీ పట్టుకున్నాను.
ఆయన ఆ వేళ నిద్రపోతూనే ఉన్నాడు మరి.
చివర్లో మూడు నిట్టనిలువు శిఖరాలు,
మునిగినవాడు తేలి గాలి మింగినట్టు.

కింది వరుసలో ఒత్తిడి.
ఎనిమిది దగ్గర మొదలై, చదును నెత్తి కనబడగానే
మెట్టు మెట్టుగా పదకొండుకు ఎక్కుతుంది.
గొంతు తెరుచుకున్నాక తొందరపడదు,
ఉయ్యాల దగ్గర్నుంచి వెనక్కి అడుగులేసే తల్లిలా దిగుతుంది.
నా ఉద్యోగంలో ఒత్తిడి పడితే గాలి లేచేది.
ఇక్కడ గాలి పడిపోతే ఒత్తిడి లేస్తుంది.
ఈ తలకిందులు తలకెక్కడానికి నాకు వారం పట్టింది.

ఊపిరి ఆగినప్పుడు యంత్రం చిన్న చిన్న అలలు పంపి
తలుపు తడుతుందట:
దారి మూసుకుందా,
లేక తలుపు తెరిచే ఉండి లోపలివాడే పీల్చడం మరిచాడా?
రెండింటికీ వేరు వేరు గుర్తులు.
ఇది చెబుతూ డాక్టర్ యెవెనెస్
పెన్నుతో బల్లను రెండుసార్లు తట్టాడు.

లీకు గీత ఇంకొకటి. బౌదిలియో మీసం పెంచిన వారం
అది పిచ్చిగడ్డిలా పెరిగింది.
తీసేయమన్నాను. తీశాడు.
మూడు రోజులు మాట్లాడలేదు.
గంటకు ముప్పై నాలుగు ఆగడాలు నాలుగైనాయి.

ఒక్కటే అంతుపట్టలేదు.
దాదాపు ప్రతి రాత్రీ మూడు దాటాక గీత తెగేది.
చదునవడం కాదు, తెగడం.
ముల్లు కింద కాగితమే లేనట్టు.
పందొమ్మిది నిమిషాలు. ఒకరోజు నలభై.
తర్వాత మళ్లీ ఎనిమిది నుంచి మొదలు.
"ఈ వయసులో బాత్‌రూముకు లేవరూ?" అన్నాడు డాక్టర్, తలెత్తకుండానే.

ఇంకో వింత. పొద్దున్నే కెటిల్ పక్కన ఒక గ్లాసు,
అడుగున మడిచిన చేతిరుమాలు,
దాని మీద గుప్పెడు తెల్ల చిక్కుడు గింజలు.
ముసలాడి చాదస్తం అనుకుని
గింజలు సూపు గిన్నెలో పడేసేదాన్ని.

మంగళవారం ప్రింటు ముందు పెట్టి అడిగాను,
పడవల కెప్టెన్లను అడిగే గొంతుతోనే:
ఈ పందొమ్మిది నిమిషాలూ ఎక్కడున్నావు?

మీసం లేని పెదవి తడుముకున్నాడు.
"నీ పక్కనే.
గొట్టం మోతలో నాకేమీ వినపడదు,
అందుకే తీసి వింటాను.
నువ్వూ ఆగుతావు, ఎర్సీలియా.
ఆగినప్పుడల్లా ఒక గింజ వేస్తాను.
గొర్రెల్ని అలాగే లెక్కపెట్టేవాణ్ణి, వందకో గింజ.
నీలా గీతలు చదవడం నాకు రాదు కదా.
రుమాలు చప్పుడు కాకుండా."

బయట పైకప్పు రేకు కొట్టుకుంటోంది,
ఎప్పటి పడమటి గాలే.
ఎప్పటినుంచి, అని అడగలేకపోయాను.
పొయ్యి దగ్గరికెళ్లి గిన్నె మూత తీశాను.
గరిటెతో ఒక్కొక్కటే అంచుకు లాగి
లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
నిన్నటివీ మొన్నటివీ కలిసి ఉడికిపోయాయి.