కొట్టివేత

కలిమెల బ్లాకాఫీసు. రేకుల కింద మధ్యాహ్నం.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి ఆఫీసరుగారి వైపే.
నాది దుబాసీ పని. కోయమాట విని ఒడియాలో చెప్పాలి.
రోజుకి నాలుగొందలు, బస్సు చార్జీ వేరే.

పదియామి ఉంగి కుర్చీ వద్దంది.
గచ్చు మీదే, గోడకి వీపు ఆనించి,
ఒళ్ళో చింతపండు మూట.
సంత రోజు, ఈ పనయ్యాక అమ్ముకోవాలి.

ఏ తేదీ, అన్నారు.
ఇప్పపూలు ఏరడం అయిపోయిన మూడో పొద్దు, అంది.
తేదీ తెలియదు, అని రాసుకున్నారు.
ఎవరు, అన్నారు.
ముందు బూట్లు చూశాను, తర్వాత మొహాలు.
తీసుకురండి, చూపిస్తాను, అంది.
ఆఫీసరుగారు దగ్గారు.

నా వంతొచ్చింది. గొంతు తగ్గించి, తెలుగులో,
సంత తెలుగు ఆమెకి బాగానే వచ్చు,
"నిన్ను పాడు చేశారా?" అన్నాను.
మా అమ్మ వాడే మాట. మా వీధంతా వాడే మాట.
పొద్దుట్నించీ ఇద్దరి కాగితాల్లోకి
నేనే ఒడియాలో మోసిన మాట.

ఉంగి నన్ను చూసింది.
"పాడయ్యేది పాలు.
పాడయ్యేది వాన తగిలిన చింతపండు.
మర్నాడు పొద్దున నేను లేచి నీళ్ళకెళ్ళాను.
నడవలేక మూడుసార్లు కూచున్నాను. తెచ్చుకున్నాను.
వాళ్ళు చేసింది చెప్పు. నాకు పేరు పెట్టకు."

అయ్యా, ముందటి రెంటిలో ఆ మాట కొట్టెయ్యండి, అన్నాను.
కొట్టివేతలుంటే కాగితం చెల్లదన్నారు.
చెల్లేలా మళ్ళీ రాయండి, అన్నాను.
నా గొంతు నాకే కొత్త.

అప్పుడు చెప్పింది. పదకొండేళ్ళది.
ఒక్కో మాటా దాని పేరుతోనే ఇటు పెట్టాను,
ఏ గుడ్డా కప్పలేదు.
మధ్యలో నా నోరెండిపోతే
ఆమే చెంబు నా వైపు జరిపింది.

వరండాలో కవాసి దూలె, మాడి ఇర్మె,
మాకేం జరగలేదు, తోడొచ్చాం, అన్నవాళ్ళు,
చెప్పులు విడిచి లోపలికొచ్చారు.
కాగితాలు సరిపోలేదు. బంట్రోతు బజారుకెళ్ళాడు.

అప్పటికి సంత ఎత్తేశారు.
రెండు కిలోలు నేను తీసుకుంటానని
నోటు చేతిలో పెడితే, లెక్కగట్టి,
ఎక్కువున్న పది రూపాయలు నా గుప్పిట్లో కుక్కింది.

మోటు బస్సు. కిటికీ పక్కన నేను, ఒళ్ళో పులుపు వాసన.
ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాలి,
పెద్దత్త గురించి ముప్ఫయ్యేళ్ళుగా మనం గుసగుసలాడే మాట
ఆమెది కాదని.

పెద్దత్త ఇంకా ఉంది.
వెనక గదిలో, రేడియో పెట్టుకుని.