కారణం తెలియదు

ఏడో పెట్టె మీద ఎవరో గుమస్తా
ఎప్పుడో గుండ్రటి దస్తూరీతో రాసిపెట్టాడు:
"ఓటీలియా గారివి. ఇంటి ఉత్తరాలు, పలకరింపు ఉత్తరాలు.
శాస్త్రానికి పనికొచ్చేవి లేవు."

ఒకటి నుంచి ఆరు దాకా ఆయనవి.
తోలు అట్టలు, బంగారు అంచులు,
పదివేల చుక్కల చిరునామాలు.
ఆవిడది ఎలుక కొరికిన అట్టపెట్టె.

నాకు జీతమిచ్చేది తేదీలు వేయడానికి,
చదవడానికి కాదు.
చదివాను.

పెర్నౌ, జనవరి. సిరా గడ్డకట్టింది మీనా,
బుడ్డిని చంకలో పెట్టుకుని కరిగించి రాస్తున్నాను,
అక్షరాలు వంకరపోతే నవ్వకు.

కాగితం ప్రియం. అందుకని నిలువునా నింపేసి
అదే పేజీని అడ్డం తిప్పి మళ్ళీ రాసేది,
పడుగూ పేకా.
ఒక్కో పేజీ విప్పడానికి నాకొక పూట.

పడుగులో: నువ్వు పంపిన పొగబెట్టిన ఈల్ చేపలు అందాయి.
పాస్టరు గారి భార్యకి నాలుగో కాన్పు.
గవర్నరు విందుకి అదే బూడిదరంగు గౌను,
లేసు తిరగేసి కుట్టాను, ఎవరూ కనిపెట్టలేదు,
కనిపెట్టడమే పనిగా బతికే మనిషితో సహా.

పేకలో: ఆయన రాత్రంతా పైన, గోపురం కింద,
మీసాల మీద మంచు. పగలు నిద్ర.
పిల్లలు మేజోళ్ళతో నడవడం నేర్చుకున్నారు.
అంకెలకి సాపు ప్రతి నేనే రాస్తున్నాను.
ఆయన రాతలో ఏడుకీ ఒకటికీ తేడా ఉండదు.
ఆకాశంలో ఎన్ని చుక్కలు
నా ఊహ మీద నిలబడ్డాయో దేవుడికెరుక.

ఆ తర్వాత ఉత్తరాలు పొట్టివయ్యాయి.
మార్చి. ఎవాల్డ్‌కి గొంతు నొప్పి, ఒంటినిండా ఎర్రటి దద్దు.
మార్చి. లీసు జలగలు తెచ్చింది.
మార్చి. నల్ల అంచు కాగితం.
ఒకే దిక్కున రాసింది, అడ్డం తిప్పలేదు.
అంత కాగితం ఆవిడ ఖాళీగా వదిలింది
ఈ పెట్టె మొత్తంలో అదొక్కసారే.

ఇంట్లో ప్రాణం పోతే గడియారాలు ఆపాలి,
అది ఆ ఇంటి ఆనవాయితీ.
హాలులోది లీసు ఆపింది. వంటింట్లోది ఆవిడ ఆపింది.
పైన ఇంకొకటుంది,
రాతి స్తంభానికి బిగించింది, నక్షత్రాల వేళ చూపేది.
పన్నెండేళ్ళుగా నడుస్తున్నది.
దాన్ని చేత్తో తాకడానికి వీల్లేదు,
పైగదిలోకి ఊదుకుంటూ కాఫీ తీసుకెళ్ళడానికి కూడా.

వారం తర్వాత మీనాకి రాసింది, నీకొక్కదానికే అని:

*ఆ రాత్రి మబ్బు పట్టింది. ఆయన కిందే ఉన్నాడు, వాడి పక్కన.
నేను మెట్లెక్కి లోలకం పట్టుకున్నాను.
గాజు గొట్టంలో పాదరసం. వాడి చెయ్యంత చల్లగా ఉంది.
ఆపడం అంత తేలికని నాకెవరూ చెప్పలేదు.
కాసేపే. భయమేసి మళ్ళీ ఊపి వదిలేశాను.
కిందికొచ్చి కాఫీ గింజలు వేయించాను,
పొద్దున్నే వచ్చేవాళ్ళుంటారు కదా.*

మూడో పెట్టె తీశాను.
తర్వాతి తేట రాత్రి పేజీ:
"గడియారం పదకొండు సెకన్లు వెనకబడింది. కారణం తెలియదు."

సాపు ప్రతి.
దస్తూరీ ఆవిడది.

ఆయన చెబితే రాసిందా,
ఆయన ఏమీ చెప్పకుండా కిటికీలోంచి చూస్తూ నిలబడితే రాసిందా.
చిత్తు ప్రతి కోసం రెండు రోజులు వెతికాను. లేదు.
అరవై ఏళ్ళకి ఒక ప్రొఫెసరు
ఆ పదకొండు సెకన్ల మీద ఆరు పేజీల వ్యాసం రాశాడు.
తేమ అన్నాడు, నూనె చిక్కబడిందన్నాడు.
ఏడో పెట్టె అడగలేదు.

ఏప్రిల్ ఉత్తరం:
నదిలో మంచు పగిలింది, రాత్రంతా ఒకటే చప్పుడు.
ఈసారి చేపల్లో ఉప్పెక్కువైంది మీనా.
పేజీ నిండాక
అడ్డం తిప్పింది.